ఓడ నుంచి ఇంటికి: 19వ శతాబ్దపు అమెరికా నౌకాదళ కుటుంబం ఉత్తరాలు చదివే పద్ధతి

వాషింగ్టన్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు చాలామంది ఎక్కి దిగే మెట్రో స్టేషన్లలో డూపాంట్ సర్కిల్ ఒకటి. ఆ పేరు ఒక నౌకాదళ అధికారిది. శామ్యూల్ ఫ్రాన్సిస్ డూపాంట్ 1803లో పుట్టి 1865లో చనిపోయాడు. 1884లో ఆ కూడలిలో ఆయన విగ్రహం పెట్టారు. తర్వాత దాన్ని డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌కు తరలించారు. ఆయన కాగితాలు కూడా ఆ ఊరి శివార్లలోనే ఉన్నాయి. డూపాంట్ కుటుంబం 1802లో తుపాకిమందు ఫ్యాక్టరీ పెట్టిన బ్రాండీవైన్ ఏటి ఒడ్డున ఇప్పుడు హాగ్లీ మ్యూజియం అండ్ లైబ్రరీ ఉంది, అందులో.

ఆ కాగితాలు మిగలడానికి కారణం ఆయన భార్య సోఫీ. భర్త సముద్రం మీద నుంచి రాసిన ఉత్తరాలను ఆమె దాచింది. ఆయన పోయాక మరో 23 ఏళ్ళు బతికి, 1888 దాకా వాటిని కాపాడింది. ఇలాంటి కుటుంబాల కాగితాలు చదవబోయేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే. ఇవి ఇంట్లో దాచిన కాగితాలు, కాబట్టి ఇంటి వైపు నుంచి చదవండి. యుద్ధం కోసం వెతుక్కుంటూ మొదలుపెడితే నాలుగు ఉత్తరాలకే విసుగొస్తుంది. ఎవరికి రాశాడు, ఆమెకు ఎప్పుడు అందింది, అప్పటికి ఆమెకు ఏం తెలుసు అని చూస్తూ పోతే, యుద్ధం కూడా దానంతట అదే అర్థమవుతుంది.

1. కుటుంబం మొత్తం కాదు, ఒక జంట, మూడు నెలలు

కుటుంబం అంతటినీ ఒకేసారి పట్టుకోవద్దు. మూడు తరాల కాగితాలంటే వందల కొద్దీ ఫోల్డర్లు. ఇద్దరు మనుషుల్ని, మూడు నెలల కాలాన్ని ఎంచుకోండి. నేనైతే కొత్తవాళ్ళకు డూపాంట్ దంపతులు, 1863 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ అని చెబుతాను. అప్పుడు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది, డూపాంట్ ఉత్తరాది వైపు. ఏప్రిల్ 7న దక్షిణాది చేతిలో ఉన్న చార్లెస్టన్ రేవు మీద ఇనుప కవచం తొడిగిన తొమ్మిది నౌకలతో ఆయన చేసిన దాడి విఫలమైంది. దానికి ముందూ వెనకా ఆయన ఇంటికి ఏం రాశాడో చూడటానికి ఆ మూడు నెలలు చాలు. పైగా అంతర్యుద్ధ కాలం నాటి ఆయన ఉత్తరాల్లో ఎంపిక చేసినవి 1969లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ముందు అచ్చులో చదివి, ఆ తర్వాత చేతిరాత చూస్తే కన్ను త్వరగా అలవాటు పడుతుంది.

2. కాగితాలు ఎక్కడున్నాయో కనుక్కోవడం

ఉత్తరం రాసినవాడి దగ్గర ఉండదు, అందుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది. ఇది మర్చిపోయినవాళ్ళు తప్పు ఊళ్ళో వెతుకుతారు. కమొడోర్ (నౌకల దండును నడిపే కెప్టెన్‌కు గౌరవ పిలుపు) జాన్ రోడ్జర్స్‌తో మొదలైన మేరీల్యాండ్ నౌకాదళ కుటుంబాన్నే తీసుకోండి. వాళ్ళ కాగితాల పెద్ద కట్ట వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది, మరికొన్ని ఫిలడెల్ఫియాలోని హిస్టారికల్ సొసైటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో ఉన్నాయి. ఆ ఇంటి అల్లుడు మాంట్‌గోమరీ మీగ్స్ సైన్యంలో పెద్ద అధికారి. ఆయన కాగితాలు వేరే సేకరణ. నౌకాదళం వాళ్ళ కబుర్లు సైన్యం వాళ్ళ పెట్టెలో దొరకడం ఇలాంటి పెళ్ళిళ్ళ వల్లే. శామ్యూల్ ఫిలిప్స్ లీ అనే మరో అధికారికి భార్య ఎలిజబెత్ దాదాపు రోజూ రాసిన ఉత్తరాలు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఉన్నాయి. అక్కడ ఇంటి నుంచి ఓడకు వెళ్ళిన వైపు మిగిలింది.

ప్రతి సేకరణకూ లైబ్రరీవాళ్ళు తయారుచేసిన వివరాల పట్టిక ఉంటుంది. ఏ పెట్టెలో ఏ ఫోల్డర్, ఏ సంవత్సరాలు అన్నది అందులో రాసి ఉంటుంది. చాలావరకు ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. దాన్ని మొదటి పేజీ నుంచి చదవండి. ముఖ్యంగా ఈ కాగితాలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో చెప్పే పేరా వదలొద్దు. ఏ మనవరాలు ఇచ్చింది, ఎప్పుడు ఇచ్చింది అన్నది తెలిస్తే, మధ్యలో ఏ ఉత్తరాలు తీసేసి ఉండొచ్చో ఊహించగలం. డూపాంట్ దంపతుల కాగితాలు హాగ్లీలో వింటర్‌థర్ మాన్యుస్క్రిప్ట్స్ అనే పెద్ద సేకరణలో 9వ గ్రూపు. రాసి అడిగేటప్పుడు ఆ నంబరుతో అడిగితే పని త్వరగా అవుతుంది.

3. వంశవృక్షం గీయండి, తెలుగు వరసలతో

ఇంగ్లీషులో కజిన్ అన్న ఒక్క మాటతో పది వరసలు సరిపెడతారు. ఈ కుటుంబాల్లో ఆ మాట వల్ల చాలా పోతుంది. మన భాషలో వరసలన్నిటికీ పేర్లున్నాయి కదా, వాటిని వాడుకోండి. కాగితం మీద పేర్లు వేసి, మధ్య గీతల మీద పెదనాన్న, మేనమామ, బావమరిది అని తెలుగులో రాయండి.

డూపాంట్ దంపతుల దగ్గర గీత గీయగానే మన చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. సోఫీ తండ్రి, ఫ్రాన్సిస్ తండ్రి సొంత అన్నదమ్ములు. ఆమెకు ఆయన పెదనాన్న కొడుకు. మన లెక్కలో అన్నాచెల్లెళ్ళ వరస, మేనరికం కూడా కాదు. వాళ్ళ సమాజంలో అది చెల్లింది, 1833లో పెళ్ళయింది. ఉత్తరాలు చదవడానికి ఇది ఎందుకు అవసరమంటే, ఆయన అత్తగారి ఊరి కబుర్లు అడిగినా, తన సొంతవాళ్ళ కబుర్లు అడిగినా ఒకటే ఇల్లు, ఒకటే ఏరు. పేర్లు రెండు వైపులా అవే. ఎవరి గురించి అడుగుతున్నాడో వరస చూసుకోకుండా తేల్చలేం.

ఇంకా పెద్ద చిక్కు రోడ్జర్స్ పేరుతో వస్తుంది. చార్లెస్టన్ దాడిలో ఆ ఇంటివాళ్ళు ముగ్గురున్నారు. అన్నిటికంటే ముందు నడిచిన వీహాకెన్ నౌకకు కెప్టెన్ జాన్ రోడ్జర్స్, కమొడోర్ కొడుకు. డూపాంట్ పక్కనే ఫ్లీట్ కెప్టెన్‌గా, అంటే అడ్మిరల్ ఆజ్ఞలన్నీ నడిపించే అధికారిగా ఉన్నది క్రిస్టఫర్ రేమండ్ పెర్రీ రోడ్జర్స్. క్యాట్‌స్కిల్ నౌకకు కెప్టెన్ జార్జ్ వాషింగ్టన్ రోడ్జర్స్, ఈయన రేమండ్‌కు సొంత తమ్ముడు. ఈ అన్నదమ్ములకు కమొడోర్ జాన్ రోడ్జర్స్ పెదనాన్న. తల్లి అన్నా మరియా పెర్రీ వైపు నుంచి, జపాన్‌కు నౌకలు తీసుకెళ్ళిన మాథ్యూ పెర్రీ మేనమామ. వాళ్ళ తండ్రి పేరు కూడా జార్జ్ వాషింగ్టన్ రోడ్జర్సే.

నేను ఈ ఉత్తరాలు మొదలుపెట్టిన కొత్తలో రెండు రోజుల పాటు రోడ్జర్స్ అని కనబడ్డ ప్రతిచోటా ఒకే మనిషి అనుకుని నోట్సు రాసుకున్నాను. ఒకే పూట రెండు నౌకల మీద ఆయన కనిపించేసరికి తప్పు తెలిసింది, నోట్సంతా మళ్ళీ రాయాల్సి వచ్చింది. మీరు మాత్రం మొదటి రోజే ఒక పేజీ పెట్టుకోండి. పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఆ నెలలో ఏ నౌక మీద ఉన్నాడు, ఏ ర్యాంకు అని నాలుగు గళ్ళు గీసి పెట్టుకోండి. ఒంటరిగా రోడ్జర్స్ అని వస్తే పక్కన ప్రశ్నార్థకం వేసి ముందుకు వెళ్ళండి. జార్జ్ 1863 ఆగస్టు 17న అదే చార్లెస్టన్ దగ్గర క్యాట్‌స్కిల్ మీద ఉండగానే చనిపోయాడు. ఆ తేదీ తర్వాత ఉత్తరాల్లో ఆ పేరు వచ్చిన తీరే మారిపోతుంది.

నౌకల పేర్లకూ ఇదే జాగ్రత్త. డేవిడ్ పోర్టర్ 1814లో చిలీలోని వాల్పరైజో దగ్గర పోగొట్టుకున్న నౌక ఎస్సెక్స్. అంతర్యుద్ధంలో ఆయన కొడుకు విలియం నడిపిన ఇనుప కవచ నౌక కూడా ఎస్సెక్సే, తండ్రి నౌక పేరే పెట్టుకున్నాడు.

4. రీడింగ్ రూముకు వెళ్ళే ముందు

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేతిరాత ప్రతుల విభాగం జేమ్స్ మాడిసన్ భవనంలో ఉంది. 16 ఏళ్ళు నిండినవాళ్ళకు రీడర్ కార్డు ఉచితంగా ఇస్తారు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళినా ముందుగా ఈమెయిల్ రాసి, ఏ పెట్టెలు కావాలో చెప్పి వెళ్ళండి. లోపలికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. బల్ల మీద ఒకసారి ఒకే ఫోల్డరు. కాగితాలు ఉన్న వరసలోనే ఉంచాలి. ఫొటోలు తీయనిస్తే ఫ్లాష్ ఆపేయండి. ప్రతి ఫోల్డరుకూ మొదటి ఫొటో ఫోల్డరు మీద రాసిన పేరు, పెట్టె నంబరు కనిపించేలా తీయండి. ఇది చేయకపోతే ఇంటికొచ్చాక మూడొందల ఫొటోలు ఉంటాయి కానీ ఏది ఎక్కడిదో చెప్పలేరు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు ఇదంతా మనవల్ల కాదని వదిలేయనక్కర్లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో బై ద పీపుల్ అనే వెబ్‌సైటు మొదలుపెట్టింది. అక్కడ పాత చేతిరాత పేజీలు తెరిచి ఎవరైనా ఎత్తి రాయొచ్చు, ఇంకొకరు సరిచూస్తారు. రోజుకు అరగంట చొప్పున నెల రోజులు అక్కడ చేస్తే ఆ కాలపు రాత కంటికి తెలిసిపోతుంది.

5. దస్తూరి చదవడం

మన కరణాల గొలుసుకట్టు రాత చూసినవాళ్ళకు ఈ రాత మరీ కొత్తగా ఉండదు. కలం ఎత్తకుండా సాగే రాత. ముందు అర్థమయ్యే మాటలు పట్టుకోండి. తేదీ, నౌక పేరు, పిలుపు, చివరి సంతకం. ఆ మాటల్లోంచి అతని అక్షరాలు నేర్చుకోండి. తెలిసిన మాటలోని అక్షరాన్ని ఒక కాగితం మీద అలాగే దిద్ది పెట్టుకోండి. చేత్తో దిద్దితే వచ్చే గుర్తు, చూస్తే రాదు.

శతాబ్దం మొదటి దశాబ్దాల్లో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, ఎఫ్ లాగా రాసేవాళ్ళు. కాంగ్రెస్ అన్న నౌక పేరు చివర ఎఫ్, ఎస్ ఉన్నట్టు కనిపిస్తే అదే సంగతి.

1845 జూలై దాకా తపాలా రుసుము కాగితాల లెక్కన ఉండేది. రెండో కాగితం వాడితే ఖర్చు రెట్టింపు. అందుకని పేజీ నిండాక, కాగితాన్ని పక్కకు తిప్పి, రాసిన దాని మీదే అడ్డంగా మళ్ళీ రాసేవాళ్ళు. చూడగానే వల అల్లినట్టుంటుంది. టెన్షన్ పడొద్దు. కాగితాన్ని కంటికి దాదాపు సమాంతరంగా వంచి, ఒక వైపు గీతలే చూస్తూ పోతే రెండో వైపువి మసకబారతాయి. ఫొటో అయితే తిప్పి, సన్నటి చీలిక ఉన్న అట్టముక్క తెర మీద ఆనించి, ఒక్కో వరుసా చదవండి.

కవర్లు వాడుకలోకి రాకముందు కాగితాన్నే మడిచి, బయటి మడత మీద అడ్రసు రాసి, లక్క ముద్ర వేసేవాళ్ళు. అలాంటి ఉత్తరం ఒకటి చేతిలోకి తీసుకుంటే అంచు దగ్గర రూపాయి నాణెమంత చిరుగు ఉంటుంది. ఇంట్లో ఆత్రంగా విప్పినప్పుడు లక్కతో పాటు ఊడొచ్చిన ముక్క అది. అక్కడ రెండు మూడు వరుసల్లో మాటలు పోయి ఉంటాయి. అవి పోయాయని అప్పుడే రాసుకోకండి. కాగితం తిప్పి ఎదురు అంచు చూడండి. లక్క కింద ఆ ముక్క ఇంకా అంటుకునే ఉండొచ్చు, మాటలు తలకిందులుగా కనిపిస్తాయి. కనిపించినా ఊడదీయాలని చూడొద్దు, లైబ్రరీవాళ్ళను పిలవండి.

మొదటి వరుసల్లో వచ్చే మర్యాద మాటలకు ఎక్కువ విలువ ఇవ్వకండి. మన పాత ఉత్తరాల్లో ఉభయకుశలోపరి ఎలాంటిదో అవీ అలాంటివే. పై అధికారికి రాసిన ఉత్తరం చివర మీ విధేయ సేవకుడు అని ఉంటే దాన్ని భక్తి అనుకోవద్దు. ఉన్నట్టుండి ఆ మాట మానేస్తే మాత్రం రాసుకోండి.

6. తేదీలు: ఈ పని మీదే ఎక్కువ సేపు కూర్చోండి

ప్రతి ఉత్తరానికీ రెండు తేదీలు ఉంటాయి. రాసినది, అందినది. మొదటిది పైన ఉంటుంది. రెండోది వెనక మడత మీద, అందుకున్నవాళ్ళు వేసుకున్న చిన్న గుర్తులో దొరకొచ్చు. ఎవరు రాశారు, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు జవాబిచ్చాం అని. ఆ చిన్న అక్షరాల్ని తప్పకుండా ఎత్తి రాసుకోండి. పెన్సిలుతో వేసిన తేదీ అయితే తర్వాతి కాలంలో బంధువులో లైబ్రరీవాళ్ళో వేసి ఉంటారు. అది సాక్ష్యం కాదు, అంచనా.

ఈ రెండు తేదీల మధ్య దూరం ఎంతో చెప్పడానికి రోడ్జర్స్ ఇంటి కథ ఒకటుంది. 1813లో బ్రిటన్‌తో యుద్ధం నడుస్తోంది. ఏప్రిల్ చివర్లో కమొడోర్ రోడ్జర్స్ ప్రెసిడెంట్ నౌక మీద బోస్టన్ వదిలి అట్లాంటిక్‌లోకి వెళ్ళాడు. మే 3న అడ్మిరల్ కాక్‌బర్న్ బలగాలు ఆయన సొంతూరు హావ్ర్ డి గ్రేస్ మీద పడి ఇళ్ళు తగలబెట్టాయి. ఆ నౌక తిరిగి రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ చేరింది సెప్టెంబరు చివర్లో. ఆ ఐదు నెలలూ భార్య మినర్వా ఒక లోకంలో, ఆయన ఇంకో లోకంలో ఉన్నట్టే. ఆ వేసవి నాటి ఉత్తరం ఏది చదివినా, ఇది రాసేటప్పటికి ఆ మనిషికి ఊరు తగలబడ్డ సంగతి తెలుసా లేదా అని ముందు అడగాలి. ఈ ప్రశ్న వేసుకోకుండా చదివితే, ఏమీ తెలియక రాసిన మామూలు మాట కూడా నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. మనిషికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

కాబట్టి ఒక పట్టిక చేయండి. ఎడమ గడిలో ఓడ మీద రాసిన తేదీలు, కుడి గడిలో ఇంట్లో రాసిన తేదీలు, మధ్యలో అందిన తేదీలు. ఎవరి జవాబు దేనికి అన్నది గీతలతో కలపండి. గీతలు ఒకదాన్నొకటి దాటి పోతుంటాయి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేలోపు ఆమె ఇంకో మూడు ఉత్తరాలు రాసి ఉంటుంది. డూపాంట్ అయితే ఒకే ఉత్తరాన్ని రోజుల తరబడి డైరీలాగా సాగించి, స్టీమరు బయల్దేరుతుందనగా ముగించేవాడు. అలాంటిదాన్ని ఒక తేదీ కింద వేయొద్దు. రోజుకో ముక్కగా విడగొట్టండి.

ఇన్‌స్ట్, అల్ట్ అన్న పొట్టి మాటలు తరచూ తగులుతాయి. మొదటిది ఈ నెల, రెండోది పోయిన నెల. ఏప్రిల్ 5న రాసిన ఉత్తరంలో 30 అల్ట్ అంటే మార్చి 30.

ఓడలో రోజువారీ సంగతులు రాసే లాగ్ పుస్తకంతో పోల్చేటప్పుడు ఇంకో గొడవ ఉంది. 1848 దాకా అమెరికా నౌకల్లో రోజు మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 వరకు. మన క్యాలెండరు కంటే పన్నెండు గంటలు ముందే రోజు మొదలయ్యేది. అంటే సోమవారం సాయంత్రం జరిగినది లాగ్‌లో మంగళవారం కింద పడుతుంది. అదే సంగతి ఇంటికి రాసిన ఉత్తరంలో సోమవారమే ఉండొచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

తేదీ లేని ఉత్తరం వస్తే ర్యాంకు చూడండి. 1862 జూలై దాకా అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ అన్న ర్యాంకే లేదు. అంతకుముందు డూపాంట్‌ను ఫ్లాగ్ ఆఫీసర్ అనేవాళ్ళు. సంబోధనలో అడ్మిరల్ అని ఉంటే ఆ తేదీ తర్వాతిదే. ఇక కమొడోర్ అన్నది అప్పటివరకు గౌరవానికి పిలిచే పిలుపు, అసలు ర్యాంకు కెప్టెనే.

7. ప్రభుత్వ కాగితం పక్కన పెట్టి చదవడం

ఇంటికి రాసిన ఉత్తరం ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది. అంతర్యుద్ధానికి సంబంధించి రెండు వైపుల నౌకాదళాల అధికారిక పత్రాలను 1894 నుంచి ముప్ఫై సంపుటాలుగా ప్రభుత్వమే అచ్చు వేసింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. చార్లెస్టన్ దాడి మొదటి శ్రేణి 14వ సంపుటంలో ఉంది. అంతకుముందు కాలానికి నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 45 చూడాలి. నౌకాదళ మంత్రికి కెప్టెన్లు రాసిన ఉత్తరాలు అక్కడ ఉంటాయి. లాగ్ పుస్తకాలు రికార్డ్ గ్రూప్ 24లో.

చార్లెస్టన్ దగ్గర ఇలా చేయండి. బల్ల మీద ఎడమవైపు ఏప్రిల్ 7 దాడి గురించి డూపాంట్ మంత్రి గిడియన్ వెల్స్‌కు పంపిన నివేదిక, కుడివైపు అదే వారం సోఫీకి రాసిన ఉత్తరం. వాస్తవాలు రెండింటా ఒకటే. సాయంత్రం నౌకల్ని వెనక్కి పిలిచాడు, మర్నాడు మళ్ళీ వెళ్ళాలనుకున్నాడు. రాత్రి కెప్టెన్లు వచ్చి తమ నౌకల స్థితి చెప్పాక ఆ ఆలోచన మానుకున్నాడు. దాదాపు 90 గుండ్లు తగిలిన కియోకక్ అనే నౌక మర్నాడు ఉదయం మునిగిపోయింది. తేడా ఎక్కడ వస్తుందంటే, దాడికి ముందు వారాల్లో. ఇనుప కవచ నౌకలతో కోటల్ని లొంగదీయగలమా అన్న అనుమానం ఇంటికి రాసిన ఉత్తరాల్లో పదే పదే కనిపిస్తుంది. వాషింగ్టన్‌కు అంత గట్టిగా చెప్పలేదు. జూలైలో ఆయన్ను తప్పించి డాల్‌గ్రెన్ అనే మరో అధికారిని వేశారు. ఆ తర్వాత తన పేరు నిలబెట్టుకోవడానికే ఆయన చివరి రెండేళ్ళూ గడిచాయి.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతుంటుంది. భార్యకు రాసింది నిజం, మంత్రికి రాసింది నటన అనేస్తారు. నేను ఒప్పుకోను. భార్య ముందు తనను తాను సమర్థించుకునే మనిషి కూడా ఉంటాడు. పైగా సోఫీ ఆ ఉత్తరాలు చదివి ఊరుకున్న మనిషి కాదు. భర్త పోయాక ఆయన ప్రతిష్ఠ కోసం పాటుపడింది, కాగితాలు దాచడంలోనూ ఆ ఉద్దేశం ఉంది. ఆయన వైపు వాదించిన కాంగ్రెస్ సభ్యుడు హెన్రీ వింటర్ డేవిస్ ఉత్తరాలు కూడా అదే సేకరణలో ఎందుకు అంత భద్రంగా ఉన్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. దాచినవాళ్ళ ఉద్దేశాన్ని కూడా లెక్కలో వేసుకుని చదవాలి.

8. రాయనివాళ్ళ కోసం వెతకడం

1861 నవంబరు 7న డూపాంట్ పోర్ట్ రాయల్ రేవును గెలిచాడు. తెల్ల భూస్వాములు సముద్రపు లంకలు వదిలి పారిపోయారు. వాళ్ళ కింద బానిసలుగా ఉన్న నల్లజాతి జనం సుమారు పదివేల మంది అక్కడే ఉండిపోయారు. వాళ్ళను దగ్గరగా చూశాక బానిసత్వం మీద డూపాంట్ అభిప్రాయం మారడం ఉత్తరాల్లో కనిపిస్తుంది. కానీ అది ఆయన మాట, వాళ్ళ మాట కాదు. 1862 మే 13న బానిసగా ఉన్న రాబర్ట్ స్మాల్స్, ప్లాంటర్ అనే స్టీమరును చార్లెస్టన్ రేవులోంచి కోటల ముందు నుంచే నడిపించుకొచ్చి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. భార్యాపిల్లలు కూడా ఆ ఓడలోనే ఉన్నారు. డూపాంట్ ఆయన్ను మెచ్చుకుంటూ నివేదిక రాశాడు.

మీ పట్టికలో ఇలాంటివాళ్ళకు వేరే పేజీ పెట్టండి. వంటమనిషి, పడవ నడిపినవాడు, దారి చూపిన పైలట్, ఇంట్లో పనిచేసే ఐరిష్ అమ్మాయి. ఉత్తరంలో పేరు లేకుండా మా మనిషి అని వచ్చినా తేదీతో సహా రాసుకోండి. అదే మనిషి జీతాల పుస్తకంలోనో, ఇంటి ఖర్చుల చిట్టాలోనో పేరుతో దొరకొచ్చు. ఖర్చుల కాగితాలు ఎవరూ తెరవరు. నేను మాత్రం ప్రతి సేకరణలోనూ అవి అడిగి తెప్పించుకుంటాను.

9. ఎత్తి రాసేటప్పుడు

స్పెల్లింగు తప్పులు దిద్దొద్దు. వరుస ఎక్కడ తెగితే అక్కడే తెంచండి. చదవలేని మాటకు చదరపు బ్రాకెట్, అనుమానమున్న మాట పక్కన ప్రశ్నార్థకం. కొట్టేసిన మాటల్ని కూడా కొట్టేసినట్టే రాయండి, ఆయన ముందు ఏం రాయబోయాడో అందులోనే ఉంటుంది. ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాఫ్ట్‌వేర్లు చేతిరాతను చాలావరకు చదివిపెడతాయి. వాడుకోండి, కానీ మనుషుల పేర్లు, నౌకల పేర్లు, అంకెలు మాత్రం ఒక్కొక్కటీ మీ కంటితో సరిచూడాలి. అది తప్పు చదివినా తడబడినట్టు కనిపించదు, అందుకే ప్రమాదం.

రాసిన మనిషి చనిపోయి 70 ఏళ్ళు దాటితే, అచ్చుకాని ఉత్తరాలకు అమెరికాలో కాపీరైటు ఉండదు. అయినా ఎక్కడ వాడినా సేకరణ పేరు, పెట్టె, ఫోల్డరు, తేదీ వేయడం మన బాధ్యత. తెలుగులోకి అనువదిస్తే అసలు పాఠం కూడా దగ్గర ఉంచుకోండి.

మూడు నెలల ఉత్తరాలు పూర్తయ్యేసరికి, తేదీ లేదని పక్కన పెట్టినవాటిలో కొన్నింటికి మీ పట్టిక చూస్తే తేదీ దొరుకుతుంది. అలాంటివి దొరికినప్పుడు పెట్టె నంబరు, ఫోల్డరు నంబరు, మీరు అనుకున్న తేదీ, ఎందుకు అనుకున్నారో రెండు వాక్యాలు రాసి లైబ్రరీకి ఈమెయిల్ చేయండి. వాళ్ళు సరిచూసుకుని, సరైనదైతే వివరాల పట్టికలో మార్చుకోగలరు.